పూయడం, దువ్వడం: మస్కారా బ్రష్ ఎంపిక

(బ్యూటీషియన్ శిక్షణ తీసుకుంటున్న విద్యార్థులకు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. మీ బల్లల మీద అయిదు రకాల మస్కారా బ్రష్షులు పెట్టించాను. మస్కారా అంటే కనురెప్ప వెంట్రుకలకు పూసే నల్లటి ముద్ద. గొట్టాలు కావాలనే ఇవ్వలేదు. కొట్లో మన చేతికి ముందు అందేది గొట్టమే. దాని రంగు చూసి, దాని మీద ‘వాల్యూమ్’ అనో ‘కర్ల్’ అనో మెరిసే అక్షరాలు చూసి కొనేస్తాం. లోపల బ్రష్ ఎలా ఉందో ఇంటికొచ్చి మూత తిప్పాక గాని తెలియదు. రెప్ప మీద తిరిగేది మాత్రం అదే. ఒక్కొక్కటే తీసుకుని మీ బొటనవేలి గోరు మీద అటూ ఇటూ రాసి చూడండి. ఒకటి కుంచెలా మెత్తగా తగులుతుంది, ఇంకొకటి దువ్వెనలా గీరుతుంది. ఆ తేడా వేళ్ళకు తెలిస్తే ఈ పూట చెప్పబోయేది తేలిగ్గా ఎక్కుతుంది. డబ్బాల మీద దీన్ని వాండ్ అని రాస్తారు. మనం బ్రష్ అనే అందాం.

బ్రష్ చేసే పనులు రెండు. ఒకటి పూయడం. అంటే గొట్టంలోని ముద్దను తెచ్చి వెంట్రుకకు అంటించడం. రెండోది దువ్వడం. అంటించినదాన్ని సమంగా పరిచి, ఎక్కువైనదాన్ని వెనక్కి లాగేసి, పక్కపక్క వెంట్రుకలను విడదీయడం. అన్ని బ్రష్షులూ ఈ రెండూ ఎంతో కొంత చేస్తాయి. కానీ బాగా పూసేది దువ్వడంలో వెనకబడుతుంది, బాగా దువ్వేది పూత తక్కువ వదులుతుంది. మీ ముందు కూర్చున్నావిడ రెప్పకు ఏది ఎక్కువ కావాలో తేల్చుకోవడమే ఎంపిక. ఆకారాలు, పేర్లు, ధరలు అన్నీ ఆ తర్వాతి సంగతి.

అందుకని ముందు రెప్పను చూడాలి. పై రెప్పకు సుమారు 90 నుంచి 150 దాకా వెంట్రుకలుంటాయి. అవి ఒకే వరసలో నిలబడి ఉండవు. అయిదారు వరసలుగా, ఒకదాని వెనక ఒకటి మొలుస్తాయి. పొడవు 8 నుంచి 12 మిల్లీమీటర్లు. కింది రెప్పకు 75, 80 ఉంటాయి. మూడు నాలుగు వరసలు, పొడవు 6 నుంచి 8 మిల్లీమీటర్లు. ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానంటే, పై రెప్పకు చక్కగా సరిపోయిన బ్రష్ కింది రెప్పకు పెద్దదైపోవడానికి కారణం వీటిలోనే ఉంది. ఇంకో అంకె కూడా గుర్తు పెట్టుకోండి. తెరిచిన కన్ను ఈ మూల నుంచి ఆ మూలకు సుమారు 30 మిల్లీమీటర్లు. బ్రష్ కుచ్చు పొడవు మామూలుగా 25 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే బ్రష్ అడ్డంగా పెడితే దాదాపు కన్నంతా కప్పేస్తుంది. కానీ కన్ను గుండ్రం, బ్రష్ తిన్నన. మధ్యలో తగిలినప్పుడు మూలల్లో తగలదు, మూలల్లో తగిలించబోతే మధ్యలో కనురెప్ప చర్మానికి నల్లగా అంటుతుంది. వంపు బ్రష్షులు, ఒక కొన సన్నగా ఉండే కోన్ బ్రష్షులు పుట్టింది ఈ చిక్కు తీర్చడానికే.

కొలవడం ఎలాగో చెబుతాను. ముఖం కడిగి, కాటుక పూర్తిగా తీసేసి ఉండాలి. తెల్లటి అట్టముక్కను రెండు వేళ్ళ వెడల్పున కత్తిరించి, అంచున మిల్లీమీటర్ల గీతలు పెట్టుకోండి. ఆమెను కిందికి చూడమని, అట్టను పై వెంట్రుకల కింద, కంటికి తగలకుండా పట్టుకోండి. తెల్లటి వెనకతలం మీద వెంట్రుకలు స్పష్టంగా కనబడతాయి. మధ్యలో ఎంత పొడవో, బయటి మూలలో ఎంతో, లోపలి మూలలో ఎంతో చూడండి. తర్వాత వాటి మధ్య తెల్ల అట్ట ఎంత కనబడుతోందో చూడండి. అది ఒత్తు ఎంతో చెబుతుంది. ఇప్పుడు అట్ట తీసేసి పక్క నుంచి చూడండి. వెంట్రుక పైకి వంపు తిరిగిందా, ముందుకు తిన్నగా ఉందా, కిందికి వాలిందా. ఆఖరున శుభ్రమైన ఖాళీ బ్రష్షుతో ఒక్కసారి పైకి దువ్వి వదలండి. వెంటనే పాత చోటికి వచ్చేస్తే బిరుసు వెంట్రుక. కాసేపు నిలబడితే మెత్తనిది. పొడవు, ఒత్తు, వంపు, బిరుసు. రెండు నిమిషాల పని. దీన్ని వదిలేసి బ్రష్ దగ్గరికి వెళ్ళకండి.

ఇప్పుడు మీ చేతిలోవి చూద్దాం. అయిదింటిలో మూడు తీగ బ్రష్షులు. ఒక సన్నని స్టీలు తీగను హెయిర్‌పిన్నులా మడిచి, రెండు కాళ్ళ మధ్య నైలాన్ పోగులను పరిచి, తీగను మెలిపెడతారు. మెలితో పాటే పోగులు మెట్లలా చుట్టూ తిరుగుతాయి. ఆ తర్వాత కత్తిరించి ఆకారం ఇస్తారు. ఇంట్లో సీసాలు కడిగే బ్రష్ చూడండి, అదే పద్ధతి. పోగుల వరసల మధ్య మిగిలిన ఆ మెలిక గాడిలోనే ముద్ద నిలుస్తుంది. పోగులు మెత్తగా వంగుతాయి కాబట్టి వెంట్రుకకు అన్ని వైపులా తగిలి పూస్తాయి. పూతలో వీటిది పైచెయ్యి.

మిగతా రెండూ అచ్చులో పోసినవి. అందరూ సిలికాన్ బ్రష్ అంటారు. నిజానికి చాలావరకు సిలికాన్ కాదు, రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్. కాడా పళ్ళూ ఒకే ముక్కగా వస్తాయి. పళ్ళు పొట్టిగా, సమాన దూరంలో, గట్టిగా ఉంటాయి. వెంట్రుక రెండు పళ్ళ మధ్యలోంచి వెళ్ళక తప్పదు. అందుకే దువ్వడంలో ఇవి ముందుంటాయి. పూత పలచగా పడుతుంది. ఒక్కసారి రాసి చూసి ‘ఇది పనిచెయ్యడం లేదు’ అని పక్కన పెట్టేసేవాళ్ళు ఎక్కువ. ఇలాంటి బ్రష్షుతో రెండు పూతలు వేశాక గాని ఫలితం కనబడదు.

చరిత్ర ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే అందులో మనకు పనికొచ్చే విషయం ఉంది. 1957లో సౌందర్య సాధనాల వ్యాపారి హెలెనా రూబిన్‌స్టీన్ ‘మస్కారా మాటిక్’ తెచ్చేదాకా మస్కారా అంటే ఎక్కువగా బిళ్ళే. చిన్న బ్రష్ తడిపి, బిళ్ళ మీద రుద్ది, రెప్పకు రాసుకునేవారు. మేబెలీన్ కంపెనీ మొదట్లో అమ్మిన మస్కారా కూడా ఆ బిళ్ళే. రూబిన్‌స్టీన్ గొట్టంలోంచి వచ్చింది కుచ్చు కాదు, గాళ్ళు చెక్కిన లోహపు కాడ. గాడిలో ముద్ద నిలిచేది. అంటే ముద్దను మోసేది పోగు కాదు, పోగుల మధ్య ఖాళీ. ఈ సంగతి ఇప్పటి బ్రష్షులకూ వర్తిస్తుంది. 2018లో షనెల్ కంపెనీ 3డి ప్రింటింగుతో చేసిన బ్రష్ తెచ్చింది. దాని ఉపరితలాన్ని కావాలని గరుకుగా చేశారు, ఆ చిన్న చిన్న గుంతల్లో ముద్ద నిలవాలని. కొత్త బ్రష్ ఏది కనబడినా ముందు దాని ఖాళీలు చూడండి. లోతుగా, వెడల్పుగా ఉంటే పూత బ్రష్. సన్నగా, పొట్టిగా, దగ్గరగా ఉంటే దువ్వెన బ్రష్.

మందం సంగతికి వద్దాం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ‘నా రెప్పలు పొట్టి, పలచన, కాబట్టి లావు బ్రష్ కొంటే ఒత్తుగా కనబడతాయి’ అనుకుంటారు. జరిగేది దీనికి విరుద్ధం. బ్రష్ 9 మిల్లీమీటర్ల మందం అనుకోండి. నడిమి కాడ నుంచి పోగు చివరికి నాలుగున్నర మిల్లీమీటర్లు. రెప్ప వెంట్రుక 6 మిల్లీమీటర్లే ఉంటే, మొదలుకు చేరాలని బ్రష్షును దగ్గరికి తెచ్చేసరికి పోగుల చివర్లు ముందే కనురెప్ప చర్మానికి తగులుతాయి. చర్మం నల్లబడుతుందని చెయ్యి వెనక్కి లాగుతాం. అప్పుడు వెంట్రుక చివరి మూడు మిల్లీమీటర్లకే ముద్ద అంటుతుంది. మొదలు పలచన, చివర బరువు. అరగంటలో రెప్ప వాలిపోతుంది. నేను వాడే చేతి లెక్క ఒకటుంది: బ్రష్ మందం వెంట్రుక పొడవును మించకూడదు. 6 మిల్లీమీటర్ల వెంట్రుకకు 5, 6 మిల్లీమీటర్ల బ్రష్. 10 మిల్లీమీటర్ల వెంట్రుకకు 8, 9 దాకా వెళ్ళవచ్చు. ఇదేమీ శాస్త్రగ్రంథంలోని సూత్రం కాదు, కానీ కొట్లో నిలబడి ఎంచుకునేటప్పుడు దారి తప్పనివ్వదు. మిల్లీమీటరు స్కేలు మీ కిట్టులో ఉంచుకోండి.

పొట్టి రెప్పకు సన్నని బ్రష్ అన్నాం. పొట్టివి అయి, ఒత్తుగా కూడా ఉంటే అచ్చు బ్రష్షు, పొట్టి పళ్ళతో. పొట్టివి అయి పలచగా ఉంటే సన్నని తీగ బ్రష్షు మేలు. అక్కడ విడదీయాల్సినంత గుంపు లేదు, పూతే కావాలి. మేబెలీన్ గ్రేట్ లాష్ 1971 నుంచి అమ్ముడవుతోంది. దాని బ్రష్ ఇవాళ్టి లెక్కలో చాలా చిన్నది, ఆకారంలో ఏ విశేషమూ లేదు. అయినా పొట్టి రెప్పలకు అలాంటి సాదా సన్న బ్రష్ పనికొచ్చినంతగా భారీ బ్రష్షులు పనికిరావు.

పొడవుగా, పలచగా ఉన్న రెప్పలకు లావైన, మెత్తని, దట్టమైన తీగ బ్రష్ పెట్టండి. మధ్యలో నడుము సన్నబడి రెండు చివర్లూ లావుగా, ఇసుక గడియారంలా ఉండేవి ఇక్కడ బాగుంటాయి. పొడవుగా, ఒత్తుగా ఉన్న అదృష్టవంతులకు పూత అసలు సమస్యే కాదు. వాళ్ళకు నల్లటి గుత్తులు కట్టకుండా చూడటమే పని. దువ్వెన బ్రష్, ఒక్క పూత, అంతే.

తిన్నగా, బిరుసుగా, కిందికి వాలిన రెప్పల గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. మన దగ్గర ఇలాంటి రెప్పలు చాలా కనబడతాయి, వీటి దగ్గరే ఎక్కువ నిరాశ కూడా. అందరూ వంపు బ్రష్ కొంటారు, అరటిపండులా వంగి ఉండేది. వంపు బ్రష్ కన్ను గుండ్రానికి సరిపోతుంది, అన్ని వెంట్రుకలనూ ఒక్కసారి పట్టుకుంటుంది, పైకి ఎత్తుతుంది. ఎత్తినదాన్ని నిలబెట్టే శక్తి మాత్రం బ్రష్షుకు లేదు. నిలబెట్టేది ఆరిన మైనం. మామూలు మస్కారాలో నీళ్ళుంటాయి. తల వెంట్రుకలకు వంపులు పెట్టాక తడి తగిలితే ఏమవుతుందో మీకు తెలుసు కదా, తిన్నగా జారిపోతాయి. రెప్ప వెంట్రుకకూ అదే. కర్లరుతో, అంటే రెప్ప వెంట్రుకలను నొక్కి వంచే పట్టకారుతో, ఎంత చక్కగా వంపు పెట్టినా, తడి ముద్ద రాసేసరికి సగం దిగిపోతుంది. అందుకని ఈ రెప్పలకు వాటర్‌ప్రూఫ్ రకం. అందులో నీళ్ళు ఉండవు, లేదా చాలా తక్కువ. త్వరగా ఎగిరిపోయే ద్రావకం ఉంటుంది, అది పోయాక మైనం బిగుస్తుంది. దానికి తోడు తేలికైన దువ్వెన బ్రష్, కొద్దిగా వంపు ఉన్నది. లావు తీగ బ్రష్షుతో బరువుగా పూస్తే ఆ బరువుకే వాలతాయి. వంపు కావాలంటే పూత తగ్గించుకోవాలి. ‘ఒత్తుగానూ ఉండాలి, వంపుగానూ ఉండాలి’ అని అడిగేవారికి ఈ మాట ముందే చెప్పండి.

కర్లర్ ఎప్పుడూ మస్కారాకు ముందే. మొదలు దగ్గర పట్టి పది సెకన్లు, మధ్యలో పట్టి అయిదు సెకన్లు. ఆరిన మస్కారా మీద కర్లర్ నొక్కితే గట్టిపడిన వెంట్రుక పుటుక్కున విరుగుతుంది, లేదా రబ్బరుకు అతుక్కుని ఊడివస్తుంది. ఊడిన వెంట్రుక తిరిగి పూర్తి పొడవుకు రావడానికి వారాలు పడుతుంది.

కళ్ళజోడు పెట్టుకునేవారు వేరే లెక్క. ప్లస్ పవరు అద్దం వెనక కన్ను పెద్దదిగా కనబడుతుంది, దాంతోపాటు ప్రతి ఉండా, ప్రతి గుత్తీ పెద్దదిగా కనబడుతుంది. చత్వారం అద్దాలు ఈ రకమే. వాళ్ళకు దువ్వెన బ్రష్, పలచటి పూత. మైనస్ పవరు అద్దం కన్నును చిన్నదిగా చూపిస్తుంది. అక్కడ తీగ బ్రష్షుతో కొంచెం ఎక్కువ పూసినా ఎబ్బెట్టుగా ఉండదు. రెండు రకాలవారికీ రెప్పలు మరీ పొడవు చెయ్యకండి, అద్దానికి తగిలి మరకలు పడతాయి. కళ్ళజోడు పెట్టించి చూశాకే పని అయిందనుకోండి.

వయసు మళ్ళినవారికి రెప్ప చర్మం కొంచెం కిందికి జారి వెంట్రుకల మొదళ్ళను కప్పేస్తుంది. పై రెప్ప చర్మానికి వెంట్రుకలు తగిలి నల్లటి చుక్కలు పడతాయి. ఇలాంటి చోట సన్నని బ్రష్, ఒక వేలితో కనుబొమ కింద చర్మాన్ని మెల్లగా పైకి ఎత్తి పట్టుకుని పూయాలి.

కింది రెప్పకు విడిగా చిన్న బ్రష్ ఉంటే సుఖం. అలాంటివి కింది రెప్పకనే అమ్ముతున్నారు కూడా. లేకపోతే కోన్ బ్రష్ కొనను నిలువుగా పట్టుకుని, గాలి ఊదినంత తేలిగ్గా అటూ ఇటూ ఆడించండి. చివర బంతిలా ఉండే బ్రష్షులూ ఉన్నాయి. మూలల్లో ఒక్కో వెంట్రుకనూ పట్టుకోవడానికి బాగుంటాయి గాని, రెప్ప అంతా దానితోనే చెయ్యాలంటే సహనం కావాలి.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని భాగం. గొట్టం మూతిలో లోపల ఒక మెత్తటి వలయం ఉంటుంది. వైపర్ అంటారు. బ్రష్ బయటికి వచ్చేటప్పుడు ఎక్కువ ముద్దను గీకేసేది అదే. ఆ వలయం రంధ్రాన్ని ఆ బ్రష్షుకూ, ఆ ముద్ద చిక్కదనానికీ తగ్గట్టు చేస్తారు. తీగ బ్రష్ పోగులు నలిగి దాటతాయి, గాళ్ళలో ముద్ద మిగులుతుంది. అచ్చు బ్రష్ పళ్ళు అంతగా నలగవు, కాబట్టి పైన ఉన్నదంతా తుడుచుకుపోయి పళ్ళ మధ్యది మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు ఒక గొట్టం బ్రష్షును ఇంకో గొట్టంలో పెట్టారనుకోండి. లావు కాడ వలయాన్ని సాగదీస్తుంది, సన్న కాడకు వలయం తగలనే తగలదు. మొదటి దానిలో బ్రష్ పొడిగా వస్తుంది, రెండోదానిలో ముద్దలు ముద్దలుగా వస్తుంది. ‘బ్రష్ మార్చుకుని వాడుకోండి’ అని వీడియోల్లో చెప్పే చిట్కా అందుకే కుదరదు. ఒక గొట్టంలోని సూక్ష్మజీవులు ఇంకో గొట్టంలోకి వెళ్ళడం దీనికి అదనం. తీగ బ్రష్షును వంచి వాడేవాళ్ళూ ఉన్నారు. వంచిన బ్రష్ లోపలికి వెళ్ళేటప్పుడు వలయాన్ని ఒక పక్కకు నెడుతుంది, అది వదులైపోతుంది, ఆ తర్వాత ప్రతిసారీ ముద్ద ఎక్కువే వస్తుంది.

బ్రష్ మీద ఎక్కువ కనబడితే చాలామంది గొట్టం మూతికి గీస్తారు. ఆ గీసినది మూత బిగించే మర దగ్గర గట్టిపడి మూత పూర్తిగా బిగుసుకోదు, సందులోంచి గాలి చేరి లోపలిది ఎండిపోతుంది. టిష్యూ కాగితం మీద ఒకసారి దొర్లించండి, చాలు. గొట్టంలో బ్రష్షును దబదబ పైకీ కిందికీ కొట్టడం కూడా ఇదే నష్టం చేస్తుంది. ప్రతి పోటుతో గాలిని లోపలికి తోస్తున్నట్టు. బ్రష్షును లోపలే గుండ్రంగా తిప్పి, తిప్పుతూ బయటికి తియ్యండి.

పార్లరులో పనిచేసే మీకు ఒక వెసులుబాటు ఉంది. ఇంట్లో వాడుకునేవారికి గొట్టంతో వచ్చిన బ్రష్షే గతి. మీరు ఎలాగూ ఒకరి కంటికి తగిలిన బ్రష్షును ఇంకొకరికి వాడరు, వాడకూడదు. కాబట్టి ఒకసారి వాడి పారేసే బ్రష్షులు కొంటారు. అంటే ముద్ద ఒక కంపెనీది, బ్రష్ ఆకారం మీ ఇష్టం. తిన్నని తీగ, కోన్ తీగ, పళ్ళ దువ్వెన, సన్న మైక్రో బ్రష్, ఈ నాలుగూ పెట్టెలో ఉంటే ముందు చెప్పిన రెప్పలన్నిటికీ సరిపోతుంది. పద్ధతి ఇది. గొట్టం బ్రష్షుతో కొంచెం ముద్దను శుభ్రమైన స్టీలు పలక మీదికి తీసి, వెంటనే మూత పెట్టెయ్యండి. గొట్టం బ్రష్ ఎవరి కంటికీ తగలకూడదు. పారేసే బ్రష్షును పలక మీద దొర్లించి ముద్ద పట్టించండి. ఇక్కడ వైపర్ లేదని మరిచిపోకండి. టిష్యూ మీద తప్పనిసరిగా ఒకసారి తిప్పాలి. లేకపోతే మొదటి పూతే ఉండలు కడుతుంది. పలక మీది ముద్ద కొద్ది నిమిషాల్లో చిక్కబడుతుంది, అందుకని ఒక్కో కన్నుకు విడిగా తీసుకోండి. కంటికి తగిలిన బ్రష్ మళ్ళీ పలక మీదికి వెళ్ళవచ్చు, గొట్టంలోకి మాత్రం వెళ్ళకూడదు. ఆమె పని అయ్యాక పలక మీద మిగిలినదాన్ని తుడిచి, స్పిరిటుతో శుభ్రం చెయ్యండి.

పూసే చెయ్యి ఎలా ఉండాలో చెబుతాను. ఆమె గడ్డం కొద్దిగా ఎత్తి కిందికి చూడాలి. బ్రష్షును మొదలు దగ్గర పెట్టి, రెండు మూడుసార్లు అటూ ఇటూ అతి కొద్దిగా ఆడించండి. ఒత్తు వచ్చేది ఇక్కడే. అయిదారు వరసలు ఉంటాయన్నాం కదా, ఆ ఆడింపుతోనే వెనక వరసలకు ముద్ద చేరుతుంది. తర్వాత మెల్లగా బ్రష్షును తిప్పుతూ చివరికి లాగండి. మధ్యవి పైకి, బయటి మూలవి కనుబొమ చివరి వైపుకు, లోపలి మూలవి ముక్కు వైపుకు. రెండో పూత మొదటిది పూర్తిగా ఎండకముందే, కొంచెం జిగురుగా ఉండగా వెయ్యాలి. ఎండాక వేస్తే పొడి పొరలు రాలతాయి, వెంట్రుకలు చీపురు పుల్లల్లా నాలుగైదుగా అతుక్కుంటాయి. అలా అతుక్కుంటే సూదితోనో పిన్నుతోనో విడదీయబోకండి. కంటి దగ్గర సూది ఏ కారణానికీ రాకూడదు. పొడి దువ్వెన బ్రష్షుతో మొదలు నుంచి ఒకటి రెండుసార్లు లాగితే చాలు.

కాటుక గురించి చెప్పకుండా మన దగ్గర ఈ పాఠం పూర్తి కాదు. ఆముదం దీపపు మసితో ఇంట్లో చేసిన కాటుకైనా, కొట్లో కొన్న కాజల్ పెన్సిలైనా, దానికి ఆధారం నూనె, నెయ్యి, మైనం లాంటివే. మస్కారాను కరిగించేదీ నూనే. వాటర్‌ప్రూఫ్ మస్కారా నీటికి లొంగదు గాని, నూనెకు లొంగుతుంది. కింది రెప్ప లోపలి అంచున కాటుక పెట్టి, ఆ వెంట్రుకలకే వాటర్‌ప్రూఫ్ పూస్తే, విశాఖ లాంటి ఉక్క ఊళ్ళో చెమట కూడా కలిసి సాయంత్రానికి కంటి కింద నల్లటి చార దిగుతుంది. తప్పు మస్కారాది అంటారు, కాదు. అలాంటివారికి కింది రెప్పకు కాటుకో మస్కారాయో ఒకటే పెట్టండి. రెండూ కావాలంటే ట్యూబింగ్ రకం మస్కారా తీసుకోండి. అది ఒక్కో వెంట్రుక చుట్టూ సన్నని తొడుగులా ఆరుతుంది, నూనెకు కరగదు, గోరువెచ్చని నీళ్ళతో తొడుగులు తొడుగులుగా ఊడి వస్తుంది. ట్యూబింగ్ రకానికి దువ్వెన బ్రష్ తప్పనిసరి. రెండు వెంట్రుకలు ఒకే తొడుగులో ఆరితే తర్వాత విడదీయడం కుదరదు.

పెళ్ళికూతురికి అప్పగింతల ఏడుపును లెక్కలో పెట్టుకోండి. పై రెప్పకు వాటర్‌ప్రూఫ్, కింది రెప్పకు మైక్రో బ్రష్షుతో ట్యూబింగ్ రకం, లేదా ఏమీ వద్దు. తెల్లవారుజాము ముహూర్తమైతే ముందు రాత్రి నుంచి అదే పూత మీద పూత వెయ్యకండి. తీసేసి మళ్ళీ వెయ్యండి. వాటర్‌ప్రూఫ్ తీసేటప్పుడు నూనె ఆధారంగా ఉన్న రిమూవర్ దూదికి పట్టించి, మూసిన కన్ను మీద అరనిమిషం ఊరికే ఆనించి ఉంచండి. తర్వాత కిందికి ఒక్క లాగు. రుద్దితే వెంట్రుకలు ఊడతాయి.

ఎన్నాళ్ళు వాడాలి? తెరిచాక మూడు నెలలు. తెరిచిన రోజు తారీఖు గొట్టం మీద రాసి అంటించండి. ప్రతిసారీ బ్రష్ కంటి నుంచి సూక్ష్మజీవులను లోపలికి తీసుకెళుతుంది. లోపల తడి, చీకటి. నిలవ ఉంచే మందు కొంతకాలమే కాస్తుంది. ఎండిపోయిందని నీళ్ళు కలపడం, ఉమ్మి తడి చెయ్యడం ఆ మందును పలచన చేసి, కొత్త సూక్ష్మజీవులను కూడా చేర్చడమే. కళ్ళకలక వచ్చినవారు ఆ రోజుల్లో వాడిన గొట్టాన్ని పారెయ్యాల్సిందే. బ్రష్ పోగులు విరిగినా, తీగ కొన బయటపడినా అదే రోజు పారెయ్యండి. నల్లగుడ్డు మీద గీరుకుంటే మంచినీళ్ళతో కడిగి, రుద్దకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కదిలే ఆటోలోనో బస్సులోనో మస్కారా పూసుకోవద్దని మీ దగ్గరికి వచ్చేవాళ్ళకు తప్పకుండా చెప్పండి.

ఏమైనా అడగండి.

ప్రశ్న: ఇంట్లో వాడుకోవడానికి ఒక్కటే కొనాలంటే ఏది?

రెప్ప చూడకుండా చెప్పమంటున్నారు. అయితే కోన్ ఆకారం, లావు చోట 6 మిల్లీమీటర్లు దాటని, పొట్టి పళ్ళ అచ్చు బ్రష్. కొనతో లోపలి మూల, కింది రెప్ప అందుతాయి, లావు వైపుతో బయటి మూల. పూత తక్కువైతే ఇంకోటి వేసుకోవచ్చు. ఎక్కువైన పూతను తగ్గించడం చాలా కష్టం.

ప్రశ్న: కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారికి?

లెన్సులు ముందు పెట్టుకోవాలి, మేకప్ తర్వాత. తీసేటప్పుడు కూడా లెన్సులే ముందు. పోగులు కలిపిన ‘ఫైబర్’ మస్కారా వద్దు, అవి రాలి లెన్సు కిందికి వెళతాయి. మొదలుకు మరీ దగ్గరగా ఆడించకండి, ఒక మిల్లీమీటరు వదలండి.

ప్రశ్న: ఎక్స్‌టెన్షన్లు, అంటే జిగురుతో అంటించే అదనపు రెప్ప వెంట్రుకలు, పెట్టించుకున్నవారికి ఏ బ్రష్?

ఖాళీ బ్రష్. పొడిగా, శుభ్రంగా ఉన్నది, రోజూ పొద్దున ఒకసారి పైకి దువ్వడానికి. వాటర్‌ప్రూఫ్ పూస్తే దాన్ని తియ్యడానికి నూనె కావాలి, నూనె జిగురును వదులు చేస్తుంది.

ప్రశ్న: వాడిన బ్రష్షులను కడిగి మళ్ళీ వాడవచ్చా?

కంటికి వద్దు. షాంపూ నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టి, మీ సొంత కనుబొమలు దువ్వుకోవడానికి ఉంచుకోండి.

ఇక జంటలుగా కూర్చోండి. అట్టముక్కలు, స్కేళ్ళు వెనక బల్ల మీద ఉన్నాయి. పక్కవారి రెప్ప కొలిచి, నాలుగూ రాసుకుని, ఏ బ్రష్షో ఎందుకో ఒక వాక్యంలో రాయండి. పూయడం ఆ తర్వాత. కాటుక పెట్టుకున్నవాళ్ళు ముందు వెళ్ళి తుడుచుకు రండి.